రెండు చెంచాల తీపి

మా వీధిలో ఎవరింట్లో విందు జరిగినా, జౌరేష్ వస్తోందా లేదా అని ముందుగా కనుక్కునేవాళ్ళు. ఆమె వస్తే వండినవాళ్ళకు ధైర్యం. పెట్టింది వద్దనదు. పళ్ళెంలో ముక్క మిగల్చదు. తిన్నదాని గురించి నాలుగు మంచిమాటలు చెప్పకుండా దస్తర్‌ఖాన్ పరిచిన భోజనాల బల్ల దగ్గర్నుంచి లేవదు. తరాజ్ ఊళ్ళో రైలు స్టేషన్ వెనక మా వీధి. అన్నీ ఒకే తీరు ఇళ్ళు, నీలం రంగు గేట్లు, ప్రతి గేటు పక్కనా కూర్చోడానికి ఒక చెక్కబల్ల. వాటిలో జౌరేష్‌ను మొయ్యగలిగే బల్లలు రెండేనని ఆడవాళ్ళం నవ్వుకునేవాళ్ళం. ఆమె ఎదుటే నవ్వేవాళ్ళం. ఆమే అందరికంటే గట్టిగా నవ్వేది.

ఆమె, నేను ఒకే బాలబడిలో పనిచేశాం. నేను చిన్నపిల్లల టీచరును, ఆమె సంగీతం టీచరు. అకార్డియన్ గుండెలకు తగిలించుకుని వాయిస్తుంటే నడవలో ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకునేవాళ్ళు. ఏడాదికేడాది ఆ అకార్డియన్ పట్టీలు ఒక్కో రంధ్రం వదులవుతూ వచ్చాయి. చివరికి రంధ్రాలు అయిపోయాయి. భర్త సబిర్జాన్ రైల్వే డిపోలో మనిషి, అక్కడి తోలు ముక్క ఒకటి తెచ్చి పట్టీకి అతుకు వేసి ఇచ్చాడు.

వాళ్ళ వాకిలి అవతల మరిది ఇల్లు. మరిది లారీ మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆ ఇంట్లో ఉండేది తోడికోడలు నూరిలా, అత్తగారు ఉర్కియా అవ్వ. మా వైపు అందరి అత్తల్లాగే అవ్వ కూడా చిన్నకొడుకు ఇంట్లోనే కాపురం, పెద్దకొడుకు ఇంటి మీద అజమాయిషీ.

నూరిలా పంతొమ్మిదేళ్ళ పిల్లగా ఈ ఇంటికి కోడలై వచ్చింది. పల్లెటూరి పిల్ల, పొలం పని తప్ప పొయ్యి పని ఎరగదు. పెళ్ళైన వారానికి చుట్టాలు వస్తున్నారని కేకు చెయ్యబోయి అడుగంతా మాడ్చేసింది. అత్తగారు పక్కింటికి వెళ్ళింది, ఏ క్షణాన్నైనా వచ్చేస్తుంది. పిల్ల వంటింట్లో గోడకానుకుని వణుకుతోంది. జౌరేష్ లోపలికి వచ్చి చూసింది, తలుపు మూసింది, నేల మీద కూర్చుని ఆ కేకు మొత్తం తినేసింది. "భలే ఉందే పిల్లా, కాస్త ఎర్రగా కాలింది, అంతే" అంది. చుట్టాలకు దుకాణం నుంచి బిస్కెట్లు తెప్పించారు. అత్తగారికి ఈ సంగతి చాలా ఏళ్ళ దాకా తెలియదు.

ఆ రోజు నుంచి నూరిలాకు జౌరేష్ అంటే ప్రాణం. పట్టుదలగా కేకులు నేర్చుకుంది. కొన్నేళ్ళకు ఆమె చేసే పొరల తేనె కేకు లేకుండా మా వైపు పెళ్ళి జరగడం మానేసింది. కొత్తగా ఏది చేసినా మొదటి ముక్క వాకిలి దాటి అక్క ఇంటికి వెళ్ళాల్సిందే. "మా అక్క నోట్లో పడితే గానీ అది కేకు కిందికి రాదు" అనేది. ఆ మొదటి ముక్క ఎప్పుడూ ఒక్క ముక్క కాదు. కేకులో పావు భాగం.

జౌరేష్‌కు నలభై ఎనిమిదో ఏట మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. రక్తంలో చక్కెర మందులకు లొంగడం మానేసింది. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుని నిద్రపోయేది. ఇవన్నీ ఆమె నవ్వుతూనే చెప్పేది. నవ్వలేకపోయింది ఒక్కసారే.

వసంతం మొదట్లో వచ్చే నౌరిజ్ పండుగకి బడిలో పిల్లల ఆటపాటలు పెట్టాం. తల్లిదండ్రులతో హాలు నిండిపోయింది. అకార్డియన్ వాయించడానికి జౌరేష్‌కు వేసే పెద్ద కుర్చీని ఎవరో అతిథికి ఇచ్చేశారు. ఇంకేం చేస్తుంది, పిల్లల కుర్చీ మీదే కూర్చుంది. పాట బాగా జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. దణ్ణం పెడదామని లేచింది. కుర్చీ కూడా ఆమెతో పాటు లేచింది. చేతులున్న కుర్చీ, నడుముకు పట్టేసింది. పిల్లలు అది కూడా ఆటలో భాగమనుకుని కేరింతలు కొట్టారు, పెద్దవాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. ఆమె అలాగే తల వంచి దణ్ణం పెట్టి, కుర్చీతో సహా నడవలోకి వెళ్ళింది. నేను పరిగెత్తి వెళ్ళి కుర్చీ లాగాను. లాగుతుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. కుర్చీ ఊడి వచ్చాక ఆమె గోడకేసి తిరిగి నిలబడిపోయింది.

"ఈ పిల్లలు పెద్దయ్యాక నేను వాళ్ళకి ఎలా గుర్తుంటానే?" అంది. "పాట గుర్తుంటుందా, కుర్చీ గుర్తుంటుందా?"

నేను ఆ కుర్చీని పిల్లల గదిలోకి తీసుకెళ్ళి వెనక వరసలో పెట్టేశాను.

ఆ వేసవిలో అల్మాటీ వెళ్ళి డాక్టర్లకు చూపించుకుంది. పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు, అరటిపండంత సంచి మిగులుతుంది అని చెప్పారు. ఈ మాట విని ఉర్కియా అవ్వ టీ గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"దేవుడిచ్చిన పొట్టను కోసి పారేయించుకుంటావా? కాస్త తక్కువ తింటే పోదూ?"

"పాతికేళ్ళుగా తగ్గిస్తూనే ఉన్నాను అత్తయ్యా. తగ్గించిన ప్రతిసారీ ఇంకో చుట్టు పెరిగాను."

"మా రోజుల్లో ఇలాంటివి లేవు."

"మీ రోజుల్లో నూరిలా కేకులు కూడా లేవు కదా" అన్నాడు సబిర్జాన్. నవ్వించాలనే అన్నాడు. అందరూ నవ్వారు కూడా. నూరిలా మాత్రం గబుక్కున లేచి ఖాళీ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదట నీళ్ళు, తర్వాత పల్చటి సూపు, తర్వాత మెత్తగా రుబ్బిన మాంసం, అదీ నాలుగు చెంచాలు. ఐదో చెంచా గొంతు దగ్గరే ఆగిపోయేది. ముందు మాంసమో గుడ్డో పనీరో తినాలి, మిగతావి ఆ తర్వాత. చక్కెర ఎక్కువైతే ఆ చిన్న పొట్ట తట్టుకోదు. తింటూ ఏమీ తాగకూడదు. తిన్న అరగంటకు గానీ టీ ముట్టుకోకూడదు. అన్నిటికంటే ఈ చివరి ముక్కే ఆమెకు కొరుకుడు పడలేదు. పాలు పోసిన వేడి టీ, పక్కన తీపి, ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి దిగకపోతే మాకు మధ్యాహ్నం గడిచినట్టే ఉండదు.

"పొట్ట కోసినప్పుడు నొప్పి తెలియలేదే" అంది నాతో. "టీ నుంచి తీపిని కోశారు చూడూ, అప్పుడు తెలిసింది."

ఒళ్ళు తగ్గసాగింది. శరత్కాలానికి బడికి తిరిగొచ్చేసరికి మొహంలో ఎముకలు కనపడ్డాయి. పాట మధ్యలో ఒక చిన్నపిల్ల ఎప్పటిలాగే వచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబోయి ఆగిపోయింది. "టీచర్, నీ ఒడి ఏమైంది?" అని అడిగింది. "అల్మాటీలో మర్చిపోయి వచ్చానమ్మా" అంది జౌరేష్. మేమంతా నవ్వాం. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మాత్రం, "ఒడి పోయిందంటే కాస్త దిగులుగానే ఉందే" అంది. మోకాళ్ళ నొప్పి లేకుండా స్టేషన్ వంతెన ఎక్కి దిగుతున్నాం అప్పుడు. అది ఇద్దరం గమనించాం.

చలికాలం మొదట్లో మా వీధి చివరి వాళ్ళ అమ్మాయికి పెళ్ళి సాగనంపుల విందు జరిగింది. తీపి బల్ల మధ్యలో నూరిలా చేసిన మూడంతస్తుల కేకు. కోసి పంచే వేళకు నూరిలా తనే ఒక పళ్ళెం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళందరూ చూస్తున్నారు.

"ఒక్క ముక్క, అక్కా. నా చేతి తీపి తిని ఎన్నాళ్ళైంది నువ్వు! అందరూ అడుగుతున్నారు, మీ అక్క మీ కేకు మానేసిందటగా అని."

జౌరేష్ నా వంక చూసింది. తర్వాత పళ్ళెం వంక చూసింది. మాంసం అయితే నాలుగు చెంచాలకే అడ్డుపడే పొట్ట, మెత్తటి కేకును ఏ అడ్డూ లేకుండా దింపేసుకుంది. ముక్క అయిపోయింది. "భలే ఉందే" అంది. నూరిలా మొహం వెలిగిపోయింది.

పావుగంట కూడా కాలేదు, జౌరేష్ నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తడిసిపోయి ఉంది. గుండె దడదడలాడుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, పొట్టలో మెలిపెడుతోంది అంది. అతిథుల కోట్లు పడేసిన గదిలోకి తీసుకెళ్ళి ఆ కోట్ల గుట్ట మీదే పడుకోబెట్టాను. అరగంటకు తేరుకుంది. అప్పటికే తలుపు దగ్గర జనం. వాళ్ళలో ఎవరో అననే అన్నారు: "నూరిలా కేకు తిని సొంత తోడికోడలే పడిపోయింది." నూరిలా వాళ్ళ వెనకే నిలబడి ఉంది.

మర్నాడు నేను జౌరేష్‌ను చూడ్డానికి వెళ్ళేసరికి ఇద్దరూ వాకిట్లోనే ఉన్నారు. నూరిలా చేతికి పిండి అంటుకునే ఉంది.

"ఒంటికి పడకపోతే వద్దనాలి. అందరి ముందూ తిని, అందరి ముందూ పడిపోవాలా?"

"వద్దంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని తిన్నాను."

"ఇప్పుడు పండగ చేసుకుంటున్నానా? నిన్నటి నుంచి ఫోను మీద ఫోను. కేకులో ఏం కలిపావని అడుగుతున్నారు నన్ను!"

"నేను చెప్తాలే అందరికీ. ఇది కేకు తప్పు కాదు, నా పొట్ట సంగతి..."

"నీ పొట్ట సంగతీ నా నెత్తి మీదికే వస్తోంది, అక్కా. నువ్వు అంత లావెక్కింది నా వల్లేనట. బావగారు కూడా అన్నారుగా ఆ రోజు. నువ్వు చెప్పు, నా వల్లేనా?"

జౌరేష్ వెంటనే కాదని ఉంటే సరిపోయేది. ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పకూడదనుకుందో, నిజం ఏమిటో ఆమెకే తెలియలేదో, మాట రాలేదు. నూరిలా ఆ మౌనం విని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ చలికాలమంతా వాకిలి దాటి ఏ పళ్ళెమూ రాలేదు. మాటలు మానుకోలేదు. అత్తగారి మందుల గురించి, నీళ్ళ గొట్టం గడ్డకట్టిన సంగతి గురించి మాట్లాడుకునేవారు. "రా అక్కా, ఇది కాస్త రుచి చూడు" అనే పిలుపు మాత్రం వినపడలేదు. తనకు కావలసింది కేకు కాదని, ఆ పిలుపేనని జౌరేష్‌కు చాలా రోజులకు అర్థమైంది.

తీపి మీద మనసు పోతుందనుకుంది ఆమె. పోలేదు. పొట్ట చిన్నదైంది గానీ నాలుక అదే నాలుక. ఒకరోజు మందుల షాపులో చక్కెర బదులు వాడే పొడి కొనుక్కొచ్చి, పనీరులో కలిపి పొయ్యిలో కాల్చింది. సబిర్జాన్ ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"ఇది తీపా, మందా?"

"తీపే. నచ్చలేదా?"

"మా డిపోలో ఇంజన్లకి పట్టిన మసి వదలడానికి ఒక పొడి వాడతాం. వాసన అచ్చం ఇదే."

"మీకెవరు తినమన్నారు!" అంటూ ఆమె పళ్ళెం లాక్కుంది. తనూ తినలేక పారేసింది. ఇంకోసారి కండెన్స్‌డ్ పాల డబ్బా తెరిచి వంటింట్లో నిలబడే రెండు చెంచాలు మింగింది, మధ్యాహ్నమంతా మంచం దిగలేదు. అది నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బజారులో ఇంకా గడ్డిలో దాచిన పుల్లటి ఆపిల్ పళ్ళు దొరుకుతున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆపిల్ ఒకటి తెచ్చి, మధ్యలో గుజ్జు తీసి, పులుపు తగ్గని మెత్తటి పనీరు నింపి, పైన కాస్త దాల్చినచెక్క పొడి, రెండు అక్రోటు పలుకులు వేసి కాల్చింది. చక్కెర వెయ్యలేదు. కిటికీ పక్కన కూర్చుని, కాఫీలో తిప్పుకునే చిన్న చెంచాతో కొంచెం తీసి నోట్లో పెట్టుకుంది. మింగలేదు. త్వరగా మింగితే పొట్ట ఒప్పుకోదు కదా, నోట్లోనే ఉంచుకుంది. మొదట పులుపు తగిలింది. తర్వాత కాలిన తొక్క చేదు. ఆ తర్వాత ఎక్కడి నుంచో తీపి వచ్చింది, ఎవరూ వెయ్యని తీపి. రెండో చెంచా కూడా అలాగే తిన్నది. మూడోది అక్కర్లేకపోయింది.

"తెలుసా, నేను ఇన్నేళ్ళూ తిన్నది తిండి కాదే" అంది మర్నాడు బడిలో, అకార్డియన్ పెట్టె మీద కూర్చుని. "పెట్టినవాళ్ళ మొహాలు తిన్నాను. నా చెయ్యి పళ్ళెం వైపు పోతుంటే వాళ్ళ మొహాలు విచ్చుకునేవి. అవి చూస్తూ తింటూ పోయాను. ఏది ఎలా ఉందో నాకు గుర్తే లేదు."

"నూరిలా తేనె కేకు కూడానా?"

"అది కూడా" అంది.

ఆ సాయంత్రమే ఆమె వాకిలి దాటి వెళ్ళింది. తోడుగా నన్నూ రమ్మంది. నూరిలా వంటింట్లో బల్ల మీద కేకు పొరలు పరిచి మీగడ రాస్తోంది. ఉర్కియా అవ్వ పొయ్యి పక్కన ఎండు ఆప్రికాట్లలోంచి పుల్లలు ఏరుతోంది.

"నూరిలా, నీ తేనె కేకు ఒక్క చెంచా పెట్టు."

"నేను పెట్టను." నూరిలా తలెత్తలేదు. "మళ్ళీ పడిపోతే ఈసారి నన్ను ఊరు వదిలి పొమ్మంటారు."

"మాంసం తినే వచ్చాను. ఒక్క చెంచాకు ఏమీ కాదు. ఇదిగో, ఈ చెంచా."

కాఫీ చెంచా చూసి ఉర్కియా అవ్వ, "దాంతో చెవిలో మందు పోస్తారు" అని గొణిగింది. నూరిలా కేకు మూల కొంచెం కోసి సాసర్లో పెట్టి తోసింది. జౌరేష్ కూర్చుని, ఆ చెంచాడు కేకును నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయింది. నూరిలా చెయ్యి ఆగిపోయింది. చివరికి జౌరేష్ కళ్ళు తెరిచింది.

"దీంట్లో తేనె ఎక్కడే?"

"ఏంటి?"

"తేనె వేశావు, వాసన వస్తోంది. రుచే తెలియట్లేదు. చక్కెర మొత్తం కప్పేసింది. మీగడలో కూడా చక్కెరే. నాలుక మొద్దుబారిపోతోంది."

నూరిలా మొహం ఎర్రబడిపోయింది. "ఇరవై ఏళ్ళు తిన్నావు! ఇరవై ఏళ్ళలో ఒక్కసారి అన్నావా ఈ మాట?"

"రుచి చూసి తింటే కదా అనడానికి!"

"మొదటిసారి మాడిపోయిన కేకు తిని కూడా భలే ఉందన్నావు. ఇప్పుడు బాగున్న దాన్ని బాలేదంటున్నావు. నీ మాట ఏది నమ్మమంటావు, అక్కా?"

"మాడిన కేకు ఏంటి?" అంది ఉర్కియా అవ్వ.

"ఆ రోజు అబద్ధం చెప్పాను" అంది జౌరేష్. "ఘోరంగా ఉంది అది. రెండు రోజులు పళ్ళల్లో మసి. నీకప్పుడు పంతొమ్మిదేళ్ళు, భయపడి చస్తున్నావు. ఇప్పుడు నీ కేకు కోసం పక్క జిల్లా నుంచి వస్తున్నారు. ఇప్పుడు కూడా అబద్ధమే చెప్పమంటావా?" కాస్త ఆగి మళ్ళీ అంది: "ఆ రోజు నువ్వు అడిగావు కదా, నీ వల్లే లావయ్యానా అని. కాదే. నువ్వు పెట్టావు. నేను వద్దనలేకపోయాను. వద్దంటే నన్నెవరూ పిలవరని భయం. అది నువ్వు రాకముందు నుంచీ ఉంది నాకు."

నూరిలా సాసరు తీసుకుని, మిగిలిన ముక్క చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ మీగడ రాయడం మొదలుపెట్టింది. మేం కాసేపు కూర్చుని వచ్చేశాం. గేటు దగ్గర జౌరేష్, "చెడగొట్టానా?" అని అడిగింది.

పది రోజుల తర్వాత వాకిలి అవతల నుంచి ఒక గిన్నె వచ్చింది. నూరిలానే పట్టుకొచ్చింది. పలకరింపు లేదు, నవ్వు లేదు. "చక్కెర లేదు దీంట్లో. తిని చెప్పు" అంది.

పనీరు, ఖర్జూరం కలిపి కాల్చింది. చెంచా దిగలేదు. జౌరేష్ చాకు తీసుకుంది.

"గేటుకు అడ్డం పెట్టుకోవచ్చు, గాలికి కొట్టుకోకుండా ఉంటుంది."

"సరే" అని నూరిలా గిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత వచ్చింది నీళ్ళు కారింది. ఆ తర్వాతది గుడ్డు వాసన. ఇంకోదానిలో తీపి సరిపోయింది గానీ ఖర్జూరం ఎక్కువై జౌరేష్‌కు మళ్ళీ కాస్త గుండె దడ వచ్చింది. నూరిలా ఆ రోజు ఆమె పక్కనే మంచం మీద కూర్చుని, దడ తగ్గేదాకా చెయ్యి పట్టుకుని కదల్లేదు. ఇద్దరి మధ్యా మాటలు మామూలుగా మొదలైంది ఆ మంచం మీదే. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మా అత్తగారిని తిట్టుకున్నాం, హాయిగా ఉంది" అంది జౌరేష్.

వసంతం వచ్చేసరికి ఒకటి కుదిరింది. బాగా వడకట్టిన మెత్తటి పనీరు, గుడ్డు, నానబెట్టి నూరిన పుల్లటి ఆప్రికాట్లు కలిపి, టీ గిన్నెల్లో పోసి, నీళ్ళున్న పళ్ళెంలో ఆ గిన్నెలు నిలబెట్టి సన్నసెగ మీద కాల్చింది. పైన వేయించి దంచిన చిరుధాన్యం చిటికెడు, తేనె చెంచా కొసన అంటినంత. చల్లారాక తెచ్చి ముందు పెట్టింది.

జౌరేష్ రెండు చెంచాలు తిన్నది. నూరిలా ఆమె మొహంలోకే చూస్తోంది. ఇదివరకు మెచ్చుకోలు కోసం చూసేది. ఇప్పుడు నుదుటి మీద చెమట పడుతుందేమోనని చూస్తోంది. చెమట పట్టలేదు.

"తేనె తెలుస్తోంది" అంది జౌరేష్.

"అంతేనా?"

"అంతే. బాగుంది. భలే ఉంది అనను, ఆ మాట మీద నీకు నమ్మకం పోయిందిగా."

అప్పుడు నవ్వింది నూరిలా.

ఇల్లు ఒప్పుకున్నంత సులువుగా విందులు ఒప్పుకోలేదు. ఆ వేసవిలో ఒక పెళ్ళిలో ఆ ఇంటి ఇల్లాలు జౌరేష్ ముందు కేకులు, నూనెలో వేయించిన బౌర్సాకులు, హల్వా పోగుపోసి, అందరికీ వినిపించేలా అంది: "సన్నబడింది కదా, మా ఇంటి ఉప్పు ఇప్పుడు ఆవిడకు ఆనదు. పట్నం డాక్టర్లు పెట్టిందే తింటుంది."

జౌరేష్ చెయ్యి పళ్ళెం వైపు కదిలింది, నేను చూశాను. ఉర్కియా అవ్వ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి ఆపింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆ పొట్ట గురించి ఒక్క మంచిమాట అనని మనిషి.

"నా కోడలు నీ రొట్టె తుంచి నోట పెట్టిందమ్మా, నేను చూశాను" అంది అవ్వ. "మా పెద్దవాళ్ళు వచ్చిన మనిషిని రుచి చూసి పొమ్మనేవాళ్ళు. బల్ల నాకి పొమ్మని ఎవరూ అనలేదు. పొయ్యి, టీ పొయ్యి నాకు."

ఇల్లాలు టీ పోసింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో జౌరేష్ అత్తగారి చెయ్యి పట్టుకోబోతే, "చాల్లే, నువ్వు చేసింది తప్పేననుకుంటున్నాను ఇప్పటికీ" అని అవ్వ చెయ్యి లాక్కుంది.

ఇదంతా జరిగి మూడేళ్ళైంది. అన్నీ కథల్లోలాగా కుదరలేదు. రెండో ఏడు జౌరేష్ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, మళ్ళీ వచ్చింది గానీ మునుపటి జడ కాదు. చేతుల కింద చర్మం సంచుల్లా వేలాడుతుంది, వేసవిలో కూడా పొడుగు చేతుల జాకెట్టే. తగ్గిన బరువులో కొంత మెల్లగా తిరిగొచ్చింది. చక్కెర జబ్బు మందులు మాత్రం డాక్టర్లు మాన్పించారు. బడిలో నేల మీద కూర్చుని పిల్లలతో ఆడి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా లేస్తుంది. అకార్డియన్ పట్టీకి సబిర్జాన్ మళ్ళీ కొత్త రంధ్రాలు పొడవాల్సి వచ్చింది, ఈసారి లోపలి వైపు.

నూరిలా తేనె కేకులో చక్కెర తగ్గించింది. కొందరు మునుపటి తీపి లేదని పెదవి విరిచారు. వాళ్ళకు పాత పద్ధతిలోనే చేసి ఇస్తుంది. "అడిగినవాళ్ళకు అడిగింది" అంటుంది, కాస్త చిరాగ్గా. పెళ్ళిళ్ళలో తీపి బల్ల చివర ఇప్పుడు చిన్న గిన్నెల వరస ఒకటి ఉంటోంది. చక్కెర జబ్బువాళ్ళు, ముసలివాళ్ళు, బిడ్డల తల్లులు అటు వెళ్తారు. మొదట్లో చాటుగా వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ముందే వెళ్ళకపోతే గిన్నెలు మిగలవు. సబిర్జాన్ మాత్రం ఇప్పటికీ అది తీపి కాదనే అంటాడు. గిన్నె ఖాళీ చేశాకే అంటాడు.

మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి అత్తాకోడళ్ళు ముగ్గురూ వాకిట్లో బల్ల చుట్టూ ఉన్నారు. మల్బరీ పళ్ళ కాలం, నూరిలా ఆప్రికాట్లకు బదులు గిన్నెల్లో ఈసారి అవి వేసింది. నాకూ ఒకటి ఇచ్చింది. జౌరేష్ తన రెండు చెంచాలూ తిని, పెదాల మీద నల్లటి రంగు తుడుచుకుని, గిన్నె మీద మూత పెట్టింది. సాయంత్రానికి ఇంకో రెండు చెంచాలకు దాచుకుంది. సమోవారులో టీ నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ టీ పోసుకోవట్లేదు.

"ఎందుకు ఆగారు?" అని అడిగాను.

"అక్కకు ఇంకా అరగంట కాలేదుగా" అంది నూరిలా. "ఒక్కదాన్నీ వదిలేసి మేం తాగితే ఏం బాగుంటుంది?"

"మీరు తాగండే, నేను చూస్తూ కూర్చుంటాను" అంది జౌరేష్.

"వద్దులే. ఆగుతాం."

ఉర్కియా అవ్వ తన గిన్నె ఊడ్చుకుని, నూరిలా గిన్నెలో మిగిలింది కూడా లాక్కుని తిని, ఖాళీ టీ గిన్నెను బల్ల మీద టకటకా కొట్టింది.

"ఆగండి, మీరిద్దరూ ఎంతసేపైనా ఆగండి. నాకు పొయ్యండి ముందు. నా పొట్ట ఎవరూ కొయ్యలేదు."